ముందు పక్కవాళ్లు నమ్మాలి

ముందు నిన్ను నువ్వు నమ్ముకో, అప్పుడు లోకం నిన్ను నమ్ముతుంది. వ్యక్తిత్వ వికాస పుస్తకాలు, కాలేజీల్లో పెట్టించే ప్రసంగాలు, యూట్యూబ్ వీడియోలు అన్నీ చెప్పేది ఇదే. అద్దం ముందు నిలబడి ‘నేను సాధించగలను’ అని రోజూ అనుకోమంటాయి. ఈ వరుసే తలకిందులని నా వాదన. దీనివల్ల జరిగే కీడు చిన్నది కాదు. ఇంట్లో, బడిలో ఎవరూ ఏ బాధ్యతా అప్పగించని పిల్లవాడికి ధైర్యం చాలకపోతే, లోపం వాడిదేనని ఈ బోధ తేల్చేస్తుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ముందుగా ఎవరికి వారు ఆత్మవిశ్వాసం కూడగట్టుకుని రోడ్డెక్కినవాళ్లు కారు వాళ్లు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుతూ, ఒకరి బాధ మరొకరు వింటూ, అది అందరిదీ అని తెలిశాక కలిసి కదిలారు. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోనే జిల్లాలో రోజుకు 1 రూపాయి చొప్పున దాచుకునే పొదుపు సంఘాలు లేచాయి.

పొదుపు సంఘంలో కూర్చున్నవాళ్లకు నేను చెప్పబోయేది కొత్త కాదు. పది పదిహేను మంది ఉంటారు. అనుకున్న రోజున కలుస్తారు, అనుకున్నంత కడతారు, పోగైన డబ్బులోంచి ఒకరికొకరు అప్పు ఇచ్చుకుంటారు, వాయిదా ప్రకారం తీరుస్తారు, పుస్తకాలు అందరి ముందూ రాస్తారు. సంఘాలు పాటించే పంచసూత్రాలంటే ఇవే. బ్యాంకు గడప తొక్కని మనిషి మొదటిసారి అంతర్గత అప్పు అడిగేటప్పుడు, తీర్చగలనన్న ధీమా ఆమెకే ఉండదు. అయినా తీర్మానం రాసి, సంతకం పెట్టించుకుని మిగతావాళ్లు ఇస్తారు. వాయిదాలు ఒక్కొక్కటే తీరుతాయి. రెండోసారి అడిగేటప్పుడు ఆమె గొంతు వేరు. తన మీద తనకు నమ్మకం ఆ తీరిన వాయిదాల్లోంచి వచ్చింది. ఇంట్లో జబ్బు చేసి ఒక నెల కట్టలేకపోతే, మంచి సంఘం ఎందుకని అడుగుతుంది, జరిమానా వేస్తుంది, గడువిస్తుంది. మనిషిని మాత్రం వదులుకోదు.

నమ్మినచోట లెక్కలు అడగకూడదనే మర్యాద మన కుటుంబాల్లో మరీ ఎక్కువ. అన్నదమ్ముల మధ్య కాగితం రాసుకోవడం అవమానమట! నోటిమాటతో పంచుకున్న పొలాల దగ్గరే ఆ అన్నదమ్ములు కోర్టు మెట్లెక్కుతున్నారు. సంఘం ఆడవాళ్లు ఈ విషయంలో మనకంటే తెలివైనవాళ్లు. పుస్తకం తెరిచి చూపడాన్ని వాళ్లు అనుమానం కింద లెక్కవేయరు.

గ్రూపు అప్పులే ప్రాణాలు తీయలేదా అని అడుగుతారు. అడగాల్సిందే. మైక్రోఫైనాన్స్ కంపెనీల వసూళ్ల ఒత్తిడికి తట్టుకోలేక అప్పులవాళ్లు ఆత్మహత్యలు చేసుకుంటున్నారన్న వార్తల మధ్య, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. అక్కడా గ్రూపే ఉంది, అక్కడా ఒకరికొకరు పూచీనే. కాని తిరిగే డబ్బు సభ్యులది కాదు, గడువిచ్చే అధికారమూ వాళ్లది కాదు. వారంవారం ఏజెంటు వచ్చేవాడు, ఒకరు కట్టలేకపోతే మిగతావాళ్లను ఆమె మీదికి ఉసిగొల్పేవాడు. ఇరుగుపొరుగు చెలిమిని తాకట్టు పెట్టుకుని చేసిన వ్యాపారం అది. క్షమించే హక్కు లేని పూచీ మనుషులను ఒకరికొకరు కాపలాదారులుగా మార్చేసింది.

కాబట్టి కాలేజీ యాజమాన్యాలను నేను కోరేది ఒకటే. స్ఫూర్తి ప్రసంగాలకు పెట్టే ఖర్చు ఆపండి. హాస్టల్ మెస్‌లో కూరగాయల కొనుగోలు నెల రోజులు పిల్లలకు అప్పగించండి. వారానికోసారి లెక్క నోటీసు బోర్డు మీద అంటించమనండి. తప్పు జరిగినా తట్టుకోగలిగినంత డబ్బే చేతికివ్వండి. తప్పు జరిగితే అందరి ముందూ అడగండి, సరిదిద్దించండి. లెక్క తప్పిన పిల్లకే మరుసటి నెల కూడా ఆ పుస్తకం ఇవ్వండి.