పొట్లం వద్దు... కలుపే ముద్దు!

సంక్రాంతి సెలవులు దగ్గరపడ్డాయంటే మన హాస్టల్లో రెండు ప్రశ్నలు వినబడతాయి. ఒకటి "బస్సు ఎన్నింటికిరా?" రెండోది "కలుపు ఎప్పుడర్రా?" కొత్తగా చేరిన తమ్ముళ్ళకు ఈ రెండో ప్రశ్న అర్థం కాదు. కలుపంటే చేలో పీకేది కదా అనుకుంటారు. మన అమ్మలు కలుపుతీతకు వెళ్ళి, ఆ కూలి డబ్బులతో మనల్ని చదివించారు కాబట్టి అలా అనుకోవడం సహజమే. కాని మన కలుపు వేరు. అటుకులు, మరమరాలు, బెల్లం, నువ్వులు, కొబ్బరి, పప్పులు కలిపి, పొయ్యి వెలిగించకుండా, సెలవులకు ముందురోజు సాయంత్రం అందరం కూర్చొని చేసుకొనే తీపి అది.

ఈ ఏడాది ఒక కొత్త మాట బయల్దేరింది. "ఎందుకొచ్చిన శ్రమ? దాతలెవరినైనా అడిగితే తలా ఒక స్వీటు పొట్లం ఇస్తారు కదా!" అని. మెస్ కమిటీలో కూడా ఈ ప్రస్తావన వచ్చింది. మేము పి.జి. చివరి సంవత్సరంలో ఉన్నాం. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్ళం మేమే. కొద్ది నెలల్లో ఈ గదులు ఖాళీ చేసి వెళ్ళిపోతాం. వెళ్ళేముందు ఈ విషయంపై మా అభిప్రాయం రాసిపెట్టడం మా బాధ్యత అనుకుంటున్నాం.

కలుపు ఎలా మొదలైందో ముందు చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. అప్పుడు మేము ఇంటర్ మొదటి సంవత్సరం. మాలో చాలామందిమి కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపువాళ్ళం. కొబ్బరిమొక్క నాటితే కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. సంక్రాంతి మాత్రం మూడు నెలల్లోనే వచ్చేసింది. "పండక్కి వస్తే మీకేటి పెడతామురా నాయినా" అని ఒక అమ్మ ఫోన్లో అన్న మాట గదిలో అందరం విన్నాం. ఆ రాత్రి పుట్టిన ఆలోచనే ఇది. అమ్మ పెట్టలేకపోతే మనమే పట్టుకెళదాం!

ఎలా? అరిసెలకు పాకం పట్టాలి, నూనె కాగాలి. గదుల్లో పొయ్యిగాని, హీటరుగాని పెట్టకూడదు. వంటగది మన చేతిలో లేదు. అప్పుడు గుర్తొచ్చింది నాగుల చవితి. ఆ రోజు పుట్ట దగ్గరకు తీసుకెళ్ళే చిమ్మిలికి నిప్పుతో పనేముంది? నువ్వులు, బెల్లం, రోకలి ఉంటే చాలు. పడిపోయిన చెట్ల కాయలు ఎండబెట్టిన కొబ్బరి చిప్పలు ఒకడు తెచ్చాడు. ఇంకొకడి అమ్మ పలాసలో జీడిపప్పు మీది పొట్టు తీసే పనికి వెళ్తుంది. అతడు అరకిలో ముక్కపప్పు తెచ్చాడు. ఆ తల్లి రోజంతా గుండుపప్పు చేత్తో పట్టుకుంటుంది. పండక్కి ఆమె ఇంటికి వచ్చేది మాత్రం ముక్కపప్పే. మిగతా సరుకులకు తలా కొంత వేసుకున్నాం.

ఇక పద్ధతి. మేము వెళ్ళాక తప్పిపోకుండా వివరంగా రాస్తున్నాం. 60 మందికి పలచటి అటుకులు 3 కిలోలు, మరమరాలు 2 కిలోలు, వేపిన సెనగపప్పు 2 కిలోలు, వేపిన పల్లీలు 2 కిలోలు, నువ్వులు కిలో, ఎండుకొబ్బరి కిలోన్నర, బెల్లం 4 కిలోలు, జీడిపప్పు ముక్క అరకిలో. మొత్తం 16 కిలోలు. తలా పావుకిలో సంచి కట్టగా మిగిలిన కిలో మన వంటవాళ్ళకు, వాచ్‌మన్‌కు. లావు అటుకులు కొనవద్దు, నమలలేం. అటుకులు, మరమరాలు మేడ మీద రెండు గంటలు ఎండబెడితే కరకరలాడతాయి. పచ్చికొబ్బరి వేస్తే మర్నాటికి వాసన వస్తుంది కాబట్టి ఎండుకొబ్బరే వాడాలి. అనకాపల్లి బెల్లమైనా, ఇంకెక్కడిదైనా, గట్టిగా పొడిగా ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం కలిపే వరుస. మొదటి ఏడాది అన్నీ ఒకేసారి గంగాళంలో పోసేశాం. బెల్లం తడికి అటుకులు మెత్తబడి, తెల్లారేసరికి ముద్దయి కూర్చుంది! ఆ ముద్దనే ఇంటికి పట్టుకెళ్ళాం. తర్వాత తెలిసింది, ముందు నువ్వులు, బెల్లం కలిపి దంచి చిమ్మిలి చేయాలి. సెనగపప్పులో సగం పొడిచేసి చిమ్మిలిలో కలిపితే ఉండకట్టకుండా పొడిపొడిగా విడిపోతుంది. ఆపైన కొబ్బరి తురుము, మిగిలిన పప్పులు, పల్లీలు వేయాలి. అటుకులు, మరమరాలు అన్నిటికంటే చివర. ఇలా చేస్తే కనుమ దాటినా కరకర పోదు.

పద్ధతి ఇంతే. ఇందులో గొప్పేముంది, బెల్లం అటుకులేగా అని మీరనవచ్చు. ఆ మొదటి సాయంత్రం జరిగిన ఒక సంగతి ఇంతవరకు ఎవరమూ రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాం.

అందరం సబ్బుతో చేతులు కడుక్కొని గంగాళం చుట్టూ కూర్చున్నాం. రెల్లి కుటుంబం నుంచి వచ్చిన మిత్రుడొకడు మాత్రం ఒక మూర వెనక్కి కూర్చున్నాడు. రమ్మంటే, "మీరు కలపండి, నేను సంచులకు దారం కడతాను" అన్నాడు. అతన్ని ఎవరూ పొమ్మనలేదు. కాని ఆరు నెలలుగా అతని కంచం పక్కన కంచం పెట్టకుండా తిన్నది మేమే. ఊళ్ళో మన పెద్దలకు గ్లాసు వేరుగా పెట్టిన టీకొట్టును తిట్టుకుంటూ పెరిగినవాళ్ళం. ఇక్కడికొచ్చి, మనలో మనమే ఇంకొకరికి గ్లాసు వేరు పెట్టాం. ఒక సీనియర్ అన్న లేచి, ఏమీ మాట్లాడకుండా అతని చెయ్యి పట్టుకొని గంగాళంలో పెట్టాడు. ఇద్దరు లేచి వెళ్ళిపోయారు. ఒకడు కాసేపటికి తిరిగొచ్చాడు. రెండోవాడు ఆ ఏడాది తన సంచి తీసుకోలేదు. తర్వాతి సంక్రాంతికి తీసుకున్నాడు. ఆ రెండోవాడెవడని అడక్కండి. ఈ వ్యాసం రాస్తున్న మాలోనే ఉన్నాడు.

1917లో కేరళలోని చెరాయిలో సహోదరన్ అయ్యప్పన్ మిశ్రభోజనం పెట్టించారు. ఈళవ కులంలో పుట్టిన ఆయన, తమకంటే తక్కువని తమవాళ్ళే అనుకున్న పులయలతో కలిసి కూర్చొని తిన్నారు. ఆయన్ని గేలి చేసింది ఆయన సొంత కులంవాళ్ళే. 'పులయన్ అయ్యప్పన్' అని వెక్కిరిస్తే, ఆ పేరునే గౌరవంగా భావించారాయన. పైవాడు గీసిన గీత మనకు కనబడుతుంది. మనం గీసిన గీత కనబడదు. దాన్ని చూడటానికి ఇలాంటి ఒక గంగాళం కావాలి.

కలిసి తిన్నంత మాత్రాన కులం పోతుందా అని అడిగే మిత్రులున్నారు. పోదు. డాక్టర్ అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో ఈ మాటే చెప్పారు. కలుపు తిని కులం పోగొట్టామని మేమూ అనడం లేదు. కాని మర్నాటి నుంచి ఆ మిత్రుని కంచం మా వరుసలోకి వచ్చింది. చదువులో సందేహాలొస్తే అతని గదికి వెళ్ళడం అప్పుడే మొదలైంది. ఇది చిన్న విషయమే. ఏ పొట్లమూ మాత్రం ఈ పని చేయలేదు.

పొట్లం సంగతీ మాకు తెలుసు. ఒక ఏడాది కొందరు పెద్దమనుషులు వచ్చి మమ్మల్ని వరుసలో నిలబెట్టారు. తలా ఒక పొట్లం ఇచ్చారు. పొట్లం చేతికి రావడానికి అర నిమిషం, ఫోటో సరిగ్గా రావడానికి అరగంట! మర్నాడు పేపర్లో మా బొమ్మలు, కింద 'నిరుపేద విద్యార్థులకు మిఠాయిల పంపిణీ' అని వార్త. మాలో ఒకడు ఇంటికెళ్ళేసరికి ఆ పేపరు ఊరంతా తిరిగింది. తాము పనిచేసే ఆసామి పిలిచి, "మీవాడు పేపర్లో పడ్డాడురా" అని నవ్వాడట. వాళ్ళ నాన్న కొడుకును ఒక్క మాట అనలేదు. ఆ పొట్లం మాత్రం విప్పలేదు. ఒకప్పుడు పండగపూట ఆసాముల పెరటి గుమ్మం దగ్గర మన అమ్మమ్మలు కొంగుపట్టి అరిసెలు తీసుకున్నారు. కాలేజీకి వెళ్తున్న మనవలు కూడా చెయ్యి చాచే నిలబడాలా?

దాతలను కించపరచడం మా ఉద్దేశం కాదు. ఇవ్వాలనుకునేవారు లైబ్రరీకి పుస్తకాలివ్వండి. పోటీ పరీక్షలకు తయారయ్యే తమ్ముళ్ళకు దరఖాస్తు ఫీజులు కట్టండి. అవి తీసుకోవడానికి మాకు చిన్నతనం లేదు. పండగ తీపి ఒక్కటి మాత్రం మమ్మల్నే చేసుకోనివ్వండి.

చదువు పాడవుతుందనే వాదన కూడా ఉంది. దంచడం, తురమడం, కలపడం, సంచులు కట్టడం అన్నీ కలిపి మూడు గంటల పని. ఆ సాయంత్రం సంచి సర్దుకుంటూ పుస్తకం ముట్టినవాణ్ణి ఇన్నేళ్ళలో మేమెవరినీ చూడలేదు! శుభ్రత మాటంటారా, చేతులు, గంగాళం కడిగే బాధ్యత ఇద్దరికి అప్పగిస్తే సరిపోతుంది. గరిటెతో కలపండి అనేవారికి మా సమాధానం ఒక్కటే. గరిటె ఒకరి చేతిలోనే ఉంటుంది. గంగాళంలో అందరి చేతులూ పడాలి.

పాత విద్యార్థులైన అన్నలకు ఒక మనవి. మీరు ఉద్యోగాల్లో స్థిరపడ్డారు, సంతోషం. పండక్కి మాకు స్వీటు బాక్సులు పంపవద్దు. వీలైతే ఆ సాయంత్రానికి మీరే రండి. వచ్చేటప్పుడు మీ ఊరిది ఏదైనా ఒక గుప్పెడు పట్టుకురండి. నువ్వులైనా సరే, పల్లీలైనా సరే.

తమ్ముళ్ళూ! గంగాళం స్టోరు రూములో, బియ్యం బస్తాల వెనక ఉంది. రోకలికి పొన్ను వదులైంది, పండక్కి ముందే బిగించుకోండి. వరుసకు ఒక మూర వెనక్కి కూర్చున్నవాడెవడైనా ఉన్నాడేమో, మొదటి గుప్పెడు కలిపే ముందే చూసుకోండి.