పెరటి కోడికీ విత్తనం ఉంది

మద్దతు ధర, పంటల బీమా, కరెంటు, కౌలు రైతుల గుర్తింపు. మన సభల్లో తీర్మానాలన్నీ వీటి చుట్టూనే నడుస్తాయి. అవన్నీ అవసరమైనవే. కానీ పంట చేతికి రాని ఏడాది పిల్లల పుస్తకాలకు, ముసలామె మందులకు, అర్ధంతరంగా వచ్చిన బస్సు ఖర్చుకు డబ్బు ఎక్కడిదని అడిగితే చాలా ఇళ్లలో వచ్చే జవాబు ఒకటే: రెండు కోళ్లు అమ్మాం. అయినా ఆ కోడి మన తీర్మానాల్లో అరుదుగా కనిపిస్తుంది.

దీనికి కారణం వెతకడం కష్టమేమీ కాదు. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు మగవాడిది. కోడి మాత్రం ఆడవాళ్లది. గింజలు చల్లేది, గంప కింద మూసేది, పొదగేసేది, అమ్మిన డబ్బు కొంగున ముడి వేసుకునేది వాళ్లే. సెంటు భూమి లేని కూలీ ఇంటికి కూడా నాలుగు కోళ్లు ఉంటాయి. రైతు అనే మాటలో భూమి లేనివాళ్లకూ ఆడవాళ్లకూ చోటు ఉందని మన సంఘం చెబుతోంది. అది నిజమైతే వాళ్ల చేతిలో ఉన్న ఆస్తి గురించి కూడా మాట్లాడాలి.

ఈ ఆస్తి చిన్నదేమీ కాదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో కోళ్లు, బాతులు తదితర పెంపుడు పక్షులు 85.18 కోట్లు. వాటిలో పెరటివి 31.7 కోట్లు. 2012 లెక్కతో పోలిస్తే ఫారాల పక్షులు 4.5 శాతం పెరిగితే, పెరటి పక్షులు దాదాపు 46 శాతం పెరిగాయి. పక్షుల సంఖ్యలో తమిళనాడు మొదటి స్థానంలో, 10.79 కోట్లతో ఆంధ్రప్రదేశ్ రెండో స్థానంలో ఉన్నాయి. తెలంగాణలో సుమారు 8 కోట్లు. నాటు కోడి మాంసానికి బ్రాయిలర్ కంటే బాగా ఎక్కువ ధర పలుకుతోంది. అంటే గిరాకీ ఉంది, పెంచేవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే. ఆ కోళ్ల విత్తనం మన పెరట్లోనే ఉంటుందా, లేక పత్తి విత్తనంలా ఏటేటా కొనుక్కోవాల్సిందేనా?

ముందుగా మన పెరట్లో జరిగేది చూద్దాం. వరి పండించే రైతు విత్తనానికి బలమైన వెన్నును విడిగా తీసి దాస్తాడు. తాలు గింజలను విత్తనంగా ఉంచి మేలైనవి వండుకు తినడు. కోళ్ల దగ్గరకు వచ్చేసరికి మాత్రం తిరగబడుతుంది. సంక్రాంతికో, జాతరకో, అల్లుడు వచ్చాడనో అన్నిటికంటే బరువైన పుంజు ముందు పోతుంది. దళారి వచ్చినా వేలు చూపించేది దాని వైపే. చివరికి ఎవరికీ అక్కర్లేని పుంజు పెరట్లో మిగిలి, మరుసటి ఏడాది పిల్లలన్నిటికీ తండ్రి అవుతుంది. పదేళ్లు ఇలాగే సాగితే కోడి చిన్నబోతుంది. అప్పుడు "మా నాటు కోళ్లలో పస లేదు" అనుకుంటాం. పస లేనిది జాతిలో కాదు, మనం విత్తనం ఎంచిన తీరులో.

దీన్ని సరిదిద్దడానికి ఖర్చేమీ లేదు. ఏ పెట్ట గుడ్లు ఎక్కువ పెట్టిందన్నది ఒక్కటే చూడకుండా, ఏ పెట్ట ఎక్కువ పిల్లలను రెండు నెలలు దాటించిందో గుర్తు పెట్టుకోవాలి. గద్ద కనబడగానే పిల్లలను రెక్కల కిందికి లాగే పెట్ట, పొదుగు మధ్యలో లేచిపోని పెట్ట, సాయంత్రానికి పిల్లలన్నిటినీ ఇంటికి తెచ్చే పెట్ట, ఇవీ విత్తనపు పెట్టలు. వాటి కొడుకుల్లోంచి మంచి పుంజును ఎంచి, కాలికి గుడ్డపేలిక కట్టి, పండుగ వచ్చినా అమ్మకుండా ఉంచాలి. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. ఆ పుంజును తన కూతుళ్ల మీదికే వదిలితే రక్తసంబంధం దగ్గరై గుడ్లు మురగడం, పిల్లలు నీరసంగా పుట్టడం ఎక్కువవుతుంది. అందుకే ఏడాదికో రెండేళ్లకో పక్క ఊరి పుంజుతో మార్చుకోవాలి.

ఈ మార్పిడి మనకు కొత్తేమీ కాదు. ఏజెన్సీ గ్రామాల్లో వాటా పద్ధతి ఉంది. ఒకామె తన పెట్టను ఇంకొకామెకు పెంచడానికి ఇస్తుంది, పిల్లలయ్యాక పంచుకుంటారు. కోడి లేని ఇంటికి అప్పు లేకుండా కోడి వస్తుంది, మంచి పెట్ట సంతానం నాలుగిళ్లకు పాకుతుంది. ఒక ఇంట్లో తెగులు వచ్చి కోళ్లు పోయినా, ఆ విత్తనం ఇంకో ఇంట్లో మిగిలి ఉంటుంది.

పుంజును ఎంచే విద్యలో ఆరితేరినవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల అంటూ రంగును బట్టి పేరు పెట్టి పిలిచే అసీల్ ప్రియులు వాళ్లు. పుంజును కొనేముందు దాని తల్లి ఎవరిదని ఆరా తీసేదీ వాళ్లే. కత్తి కట్టి పందెం వేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. పందెం బరిలో రైతు కుటుంబాలు భూములు పోగొట్టుకున్న సంగతీ మనకు తెలుసు. అందులో మన వైఖరి మారదు. కానీ వంశం చూసి పెంచే ఆ నేర్పు పందేనికే పరిమితం కావడం నష్టం. దాన్ని కూరకు, గుడ్డుకు, పిల్లల పెంపకానికి వాడితే ఊరంతటికీ లాభం. అసీల్‌తో పాటు కాళహస్తి, డంకి, ఘాగస్ కోళ్లను కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ తెలుగు నేలతో సంబంధం ఉన్న జాతులుగా నమోదు చేసింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, మనమే వీటిని నాటు అని తీసిపారేస్తున్నాం.

ఇక ప్రభుత్వ పథకాల సంగతి. వనరాజా, గ్రామప్రియ కోళ్లను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పెరటి కోసమే రూపొందించారు. ప్రజాధనంతో జరిగిన ఈ కృషిని తక్కువ చేయనక్కర్లేదు. నాటు పెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లు పెడితే, ఇవి అంతకు రెట్టింపు, గ్రామప్రియ అయితే ఇంకా ఎక్కువ పెడతాయి. గుడ్లు కావాలనుకున్న ఇంటికి ఇవి మేలు. అయితే రెండు విషయాలు పిల్లలు పంచే రోజున ఎవరూ చెప్పరు. ఈ పెట్టలు సాధారణంగా పొదుగుకు కూర్చోవు. వేర్వేరు వరసలను కలిపి తయారు చేసినవి కాబట్టి, వీటి గుడ్లను వేరే పెట్ట కింద పొదిగించినా ఆ పిల్లలకు తల్లిదండ్రుల లక్షణాలు పూర్తిగా రావు. మళ్లీ పిల్లలు కావాలంటే మళ్లీ హేచరీకే పోవాలి. పాత నాటు పెట్టలను అమ్మేసి అన్నీ ఇవే పెట్టుకున్న ఇంట్లో, రెండేళ్లు తిరిగేసరికి పొదిగే కోడి ఒక్కటీ ఉండదు. బ్రాయిలర్ షెడ్లలో పిల్ల కంపెనీది, మేత కంపెనీది, రైతుకు మిగిలేది కిలోకింత అని పెంపకం కూలి. పెరటికి ఆ గతి పట్టకూడదంటే గుడ్ల కోసం మేలుజాతి కోళ్లు ఉన్నా, విత్తనం కోసం నాటు పెట్టలు, నాటు పుంజు తప్పక ఉండాలి.

జాతీయ పశుధన మిషన్ కింద గతంలో దారిద్య్రరేఖకు దిగువనున్న కుటుంబానికి నాలుగు వారాలు పెంచిన పిల్లలు 45 విడతలుగా ఇచ్చేవారు. 2021-22లో కేంద్రం ఆ మిషన్‌ను మార్చింది. ఇప్పుడు కనీసం వెయ్యి తల్లికోళ్లతో ఫారం, హేచరీ పెట్టేవారికి 50 శాతం, గరిష్ఠంగా 25 లక్షల రూపాయల రాయితీ ఇస్తున్నారు. స్వయం సహాయక బృందాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు కూడా అర్హులేనని నిబంధన ఉంది. కానీ మిగతా సగం పెట్టుబడి తేగలిగే బృందాలు ఎన్ని? నాలుగు కోళ్లున్న ఇల్లు ఈ లెక్కలో ఎక్కడుంది?

ఒక్క చిన్న లెక్క వేయండి. ఇంట్లో ఐదు పెట్టలున్నాయి. ఒక్కోటి ఏడాదికి మూడుసార్లు పొదిగి, పొదుగుకు పది పిల్లలను లేపితే మొత్తం 150 పిల్లలు. తెగులుకు, గద్దకు, పిల్లికి, ముంగిసకు పోగా పదికి మూడు మిగిలితే చేతికి వచ్చేవి 45. అదే పదికి ఆరు మిగిలితే 90. అంటే ఒక్క గుడ్డు కూడా అదనంగా పెట్టించకుండా, పథకం విడతలుగా ఇచ్చిన 45కు సమానమైన కోళ్లు ఏటా ఇంట్లోనే మిగులుతాయి. ఆ తేడా రావాలంటే కావలసినవి రెండే: మొదటి నాలుగు వారాలు పిల్లల కోడిని గంప కింద, గూటిలో కాపాడుకుంటూ నూకలు, చెదలు, తరిగిన ఆకు అందించడం, వేళకు టీకా వేయించడం.

టీకా అంటే ముఖ్యంగా కొక్కెర తెగులుకు. 1920లలో ఉత్తరాది కొండల్లోని రాణీఖేత్‌లో మన దేశంలో మొదట గుర్తించారు కాబట్టి దానికి రాణీఖేత్ అని పేరు. మెడ వంకర పోయి, ఆకుపచ్చగా పారి, రెండు మూడు రోజుల్లో ఊళ్లో కోళ్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. వచ్చాక మందు లేదు. రాకుండా ఆపే టీకా మాత్రం చాలా కాలంగా ఉంది. పిల్లలకు ఐదు నుంచి ఏడు రోజుల వయసులో లసోటా గానీ ఎఫ్ గానీ కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క. ఎనిమిది పది వారాలకు ఆర్2బి, రెక్క కింద చర్మంలోకి అర మిల్లీలీటరు సూది. అంతకు వారం ముందు నట్టల మందు తాగిస్తే టీకా బాగా పట్టుతుంది. జబ్బుగా ఉన్న కోడికి టీకా వేయకూడదు.

ఇంత చౌకైన టీకా పెరటి దాకా ఎందుకు రావడం లేదు? ఆర్2బి సీసా ఒక్కటి వంద కోళ్లకు సరిపోతుంది. ఒక ఇంట్లో కోళ్లు పది. సీసా విప్పి కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, అప్పటిదాకా ఐసులో ఉండాలి. పది కోళ్ల కోసం సీసా విప్పితే తొంభై కోళ్ల మందు నేలపాలు. కాబట్టి ఎవరికి వారు టీకా వేయించుకోవడం కుదరని పని. నలభై ఇళ్లు కలిస్తే నాలుగు వందల కోళ్లు, నాలుగు సీసాలు, తెల్లవారుజామున కోళ్లను గూళ్లలోంచి వదలకముందు రెండు గంటల పని. సంఘం అవసరం ఉన్నది సరిగ్గా ఇక్కడే. పక్కింటి కోడికి టీకా లేకపోతే మనింటి పసిపిల్లలకూ రక్షణ పూర్తిగా ఉండదు.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డాక, ఇలాంటప్పుడు ఫారాల కోళ్లతో పాటు చుట్టుపక్కల కిలోమీటరు లోపల పెరటి కోళ్లనూ చంపాలన్న నిబంధన గురించి అందరికీ తెలిసింది. వ్యాధిని ఆపడానికి అది తప్పదు. పరిహారం కూడా చట్టబద్ధమే. కానీ లక్ష కోళ్ల ఫారానికి రిజిస్టరు ఉంటుంది, పెరటి కోడికి ఉండదు. ఏ ఇంట్లో ఎన్ని కోళ్లు, అవి ఎవరివి అన్న జాబితా ముందే రాసి ఉంచితేనే ఆ డబ్బు ఆ ఇంటి ఆడమనిషికి చేరుతుంది.

ప్రభుత్వాల ముందు మన సంఘం ఉంచుతున్న డిమాండ్లు ఇవి. కొక్కెర తెగులు టీకాను పశువులకు గాలికుంటు టీకా వేసినట్టే తేదీలు ప్రకటించి, ఊరూరా ఉచితంగా వేయాలి. పాతిక, యాభై కోళ్లకు సరిపడే చిన్న సీసాలు తయారు చేయించాలి. ఐసు లేకున్నా కొన్నాళ్లు చెడని టీకాను ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు రూపొందించగా మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో వాడుతున్నారు. అలాంటిది ఇక్కడి ప్రభుత్వ సంస్థల్లో తయారు కావాలి. పశుధన మిషన్ రాయితీలో ఒక భాగాన్ని నాటు పెట్టలతో పిల్లలు లేపి అమ్మే మహిళలకు, గూళ్లకు, గంపలకు కేటాయించాలి. పరిహారం కోడి యజమానురాలి ఖాతాలోనే వేయాలి.

ప్రభుత్వం కదిలేలోపు గ్రామ కమిటీలు చేయగల పనులూ ఉన్నాయి. చలి తగ్గి ఎండలు ముదిరేలోపు ఒక రోజు ఖరారు చేసుకుని ఊరంతా టీకా వేయించాలి. ఆంధ్రప్రదేశ్‌లో పశుసంవర్ధక సహాయకులను, తెలంగాణలో గోపాలమిత్రలను వారం ముందే కలిసి చెప్పాలి. ఇంటింటికీ కోళ్ల జాబితా రాయాలి, యజమాని గడిలో ఆమె పేరే ఉండాలి. ఊళ్లో మంచి పుంజులు నాలుగింటిని గుర్తించి పండుగ దాటేదాకా అమ్మకుండా ఒప్పించాలి, వేసవిలో పక్క ఊరితో మార్పిడి పెట్టుకోవాలి. సంత నుంచి తెచ్చిన కోడిని రెండు వారాలు విడిగా ఉంచాలని, చచ్చిన కోడిని కాలువలో పడేయకుండా పూడ్చాలని ప్రతి ఇంట్లో చెప్పాలి.

ఈ నెల గ్రామ కమిటీ సమావేశాలకు కోళ్లు పెంచే మహిళలను పిలవండి. సభ్యత్వ పుస్తకం కూడా వెంట తీసుకెళ్లండి. ఏ పెట్ట మంచిదో, ఏ నెలలో తెగులు వస్తుందో వాళ్లనే చెప్పనివ్వండి, టీకా తేదీ కూడా వాళ్లే నిర్ణయించాలి. ఆ తేదీలను, టీకా వేసిన కోళ్ల సంఖ్యను మండల కమిటీల ద్వారా మాకు పంపితే వచ్చే సంచికలో ఊళ్ల వారీగా ప్రచురిస్తాం.