రాష్ట్రపతి మాటల్లో నీళ్ళు ఎవరు మోశారు?

ఏటా జనవరి 25 సాయంత్రం, ఆగస్టు 14 సాయంత్రం రాష్ట్రపతి జాతినుద్దేశించి ప్రసంగిస్తారు. అందులో ఏముంటుందో వినకముందే మనకు తెలుసు. ప్రాచీన సంస్కృతి ఘనత, రైతుకు కృతజ్ఞత, సైనికుడికి వందనం, చివర్లో స్త్రీశక్తికి ఒక దండం. అందుకే స్త్రీల హక్కుల కోసం పనిచేసే మనలో చాలామందిమి వాటిని వినడం మానేశాం. ఒక్క ప్రసంగాన్ని మాత్రం మనం వదల్లేదు. 2000 జనవరి 25న కె.ఆర్. నారాయణన్ చేసినది. మన సభల్లో, కరపత్రాల్లో, శిక్షణ తరగతుల్లో దాని వాక్యాలు ఇప్పటికీ వినపడుతుంటాయి. అయితే ఇన్నేళ్ళుగా మనం దాన్ని వల్లె వేస్తున్నామే తప్ప పరీక్షకు పెట్టలేదు. ఆ పని ఇప్పటికైనా చేద్దాం.

ముందు దాని బలం చెప్పుకోవాలి. ఏడాది మొదట్లో పార్లమెంటు ఉభయసభల ముందు రాష్ట్రపతి చదివే ప్రసంగం మంత్రివర్గం రాసిచ్చేది. అందులో ప్రతి గొప్పా ప్రభుత్వానిదే. పండగ ముందు రోజు చేసే ప్రసంగంలో మాత్రం కొంత వెసులుబాటు ఉంది. నారాయణన్ దాన్ని పూర్తిగా వాడుకున్నారు. గణతంత్రానికి యాభై ఏళ్ళు నిండిన ఉత్సవ సమయం అది. కేంద్రంలో వాజ్‌పేయి ప్రభుత్వం రాజ్యాంగాన్ని సమీక్షించడానికి కమిషన్ వేసే సన్నాహాల్లో ఉంది. హైదరాబాదు హైటెక్ సిటీని చూపించుకుని మురిసిపోతోంది. అలాంటి రోజున, ఈ దేశపు మొదటి దళిత రాష్ట్రపతి, సామాజిక ఆర్థిక రాజకీయ న్యాయం కోట్లాదిమందికి నెరవేరని కలగానే మిగిలిందని అన్నారు. సాంకేతిక నిపుణుల సంఖ్య పక్కనే నిరక్షరాస్యుల సంఖ్యను, విస్తారమైన మధ్యతరగతి పక్కనే పోషకాహారం లేని పిల్లలను నిలబెట్టి చూపించారు. దళితులూ ఆదివాసులూ అందరికన్నా ఎక్కువ దెబ్బతింటున్నారన్నారు. రెండు రోజుల తర్వాత, జనవరి 27న, పార్లమెంటు సెంట్రల్ హాల్లో ఇంకో ప్రశ్న వేశారు. రాజ్యాంగం మనల్ని విఫలం చేసిందా, మనమే రాజ్యాంగాన్ని విఫలం చేశామా అని. రాజ్యాధినేత నోటి నుంచి రాజ్యంపై ఇంత సూటి అభియోగం రావడం చిన్న విషయం కాదు. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళతో నాకు పేచీయే.

ఇక బలహీనతలు. ఈ సమాజంలో ఒక సగం శీతలపానీయాలు గటగటా తాగుతుంటే ఇంకో సగం దోసెడు బురదనీళ్ళతో సరిపెట్టుకుంటోందని ఆ ప్రసంగంలో ఒక వాక్యం ఉంది. మనం ఎక్కువసార్లు ఉదహరించేది దాన్నే. ఆ దోసెట్లోకి నీళ్ళు ఎలా వచ్చాయి? బిందె పట్టుకుని ఎవరు వెళ్ళారు, ఎంత దూరం నడిచారు, బోరింగు దగ్గర ఎవరితో మాట పడ్డారు? ఆ వాక్యంలో తాగేవాళ్ళు ఉన్నారు, మోసే మనిషి లేదు. సమాజాన్ని ధనిక సగం, పేద సగం అని రెండుగా కోస్తే, పేద సగంలో మళ్ళీ ఎవరి వంతుకు ఏ చాకిరీ వచ్చిందో కనపడదు. ఆ నీళ్ళకు కులమూ ఉంది. 1985 జులైలో కారంచేడు హత్యాకాండకు దారితీసిన గొడవ మొదలైంది దళితుల మంచినీళ్ళ చెరువు దగ్గర. ఆ నీళ్ళు పాడుచేయడానికి అడ్డుపడి, తన మీదికి లేచిన చేతికి ఎదురుగా బిందె ఎత్తిన మనిషి మున్నంగి సువార్తమ్మ. వర్గం, కులం, జెండర్ మూడూ ఆ చెరువు గట్టున కలిసే ఉన్నాయి. రాష్ట్రపతి వాక్యంలో మొదటిది ఒక్కటే మిగిలింది.

రెండో బలహీనత ఇంకా లోతైనది. సరళీకరణ, ప్రైవేటీకరణ, ప్రపంచీకరణ అనే మూడు వరుసల వేగం దారి మీద బలహీనులు క్షేమంగా రోడ్డు దాటే ఏర్పాటు ఉండాలని ఆయన అన్నారు. ఈ పోలిక మనందరికీ నచ్చింది. కానీ ఒక్క నిమిషం ఆగి చూడండి. రోడ్డు ఎవరి పొలంలోంచి వేశారని ఈ పోలిక అడగదు. రోడ్డు వేసి తీరాలి, కార్లు పోయి తీరాలి, పాదచారులకు మాత్రం నాలుగు తెల్లగీతలు గీయండి అంటుంది. ఆ ఏడాదే ఆగస్టు 28న, ప్రపంచబ్యాంకు సంస్కరణల్లో భాగంగా పెరిగిన కరెంటు ఛార్జీలను తగ్గించమని అడగడానికి వచ్చిన జనం మీద హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. వాళ్ళు రోడ్డు దాటే చోటు అడగడానికి రాలేదు, ఆ దారే వద్దని చెప్పడానికి వచ్చారు.

మరి స్త్రీలకు గీసిన తెల్లగీతలు ఏమిటి? మన రాష్ట్రంలో అది పొదుపు సంఘం, దాని వెనకే అప్పు. భూమి అడిగితే అప్పు, కూలి అడిగితే అప్పు, ఆస్పత్రి అడిగితే అప్పు. సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ వేధింపులకు ఆత్మహత్యలు జరిగి, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చేదాకా వెళ్ళింది ఆ కథ. ఇందులో స్వచ్ఛంద సంస్థల పాత్ర కూడా ఉంది కనుక ఈ మాట మనలో మనం చెప్పుకోవాలి. 'సాధికారత' అనే మాటను నివేదికల్లో నింపుకుని, దారి ఎటు పోతోందో అడగకుండా దాటించే పని చాలామందిమి తలకెత్తుకున్నాం. రాష్ట్రపతి పోలిక మనకంత నచ్చడానికి కారణం అదేనేమో. అది మన ఉద్యోగానికి ఒక గౌరవం ఇచ్చింది.

మూడోది, ఓర్పు సంగతి. ఎంతోకాలంగా బాధలు ఓర్చుకుంటున్న జనం ఆగ్రహంతో జాగ్రత్త అని ఆయన హెచ్చరించారు. అట్టడుగువాళ్ళను పట్టించుకోకపోతే వాళ్ళ అసంతృప్తి హింస దారి పడుతుందన్నారు. హెచ్చరిక ఎవరికి? సుఖంగా ఉన్నవాళ్ళకు. పేదలకు న్యాయం ఎందుకు చేయాలి? చేయకపోతే మీకు ప్రమాదం కనుక. హక్కు అనే మాట ఇక్కడ భయం వెనక్కి పోయింది. పైగా ఆ మాటల్లో పేదలకు రెండే స్థితులున్నాయి, ఓర్చుకోవడం లేదా పేలిపోవడం. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఈ రెండింటిలో దేనికి చెందుతారు? 1992లో వాళ్ళు సారా దుకాణాలు మూయించారు, ఆ ఉద్యమమే రాష్ట్రమంతా పాకి వేలంపాటలు ఆపింది, కలెక్టర్లను నిలదీసింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసిందంటే అది ప్రభుత్వం ఆదాయం లెక్క. ఆ స్త్రీలది కట్టలు తెగిన కోపం కాదు, ఆలోచించి నడిపిన రాజకీయం. ఓర్పుకూ విస్ఫోటనానికీ మధ్య ఉన్న ఈ విశాలమైన చోటే స్త్రీల ఉద్యమాల చోటు.

రాష్ట్రపతి పదవికి ఉన్న పరిమితుల్లో ఇంతకన్నా ఏం చెప్పగలరని కొందరు అడుగుతారు. మంత్రివర్గ సలహా మేరకే నడవాలన్నది నిజమే. కానీ 1997లో ఉత్తరప్రదేశ్‌లో, 1998లో బీహార్‌లో రాష్ట్రపతి పాలన విధించమన్న సిఫారసులను పునరాలోచించమని తిప్పి పంపిన మనిషి ఈయనే. 2001 గణతంత్ర దినోత్సవం ముందు రోజు ప్రసంగంలో ఇంకో అడుగు వేశారు. పచ్చని నేలనూ అమాయక ఆదివాసులనూ నాశనం చేసి భారత గణతంత్రాన్ని కట్టారని రేపటి తరాలు అనుకోకూడదన్నారు. అడవుల్లో గనుల తవ్వకం ఆదివాసుల బతుకుకు ముప్పు తెస్తోందని నేరుగా అన్నారు. షెడ్యూల్డు ప్రాంతాల భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదని 1997లో సమత కేసు తీర్పు వచ్చింది మన విశాఖ ఏజెన్సీ నుంచే. అంటే ఆ పదవిలో ఉండి కూడా కారణాన్ని కారణంగా చెప్పవచ్చునని ఆయనే రుజువు చేశారు. అందుకే 2000 నాటి ప్రసంగాన్ని ఆ కొలతతోనే కొలవాలి.

తర్వాత ఆ మైకు ముందుకు స్త్రీలూ వచ్చారు. 2007లో ప్రతిభా పాటిల్, 2022లో ద్రౌపది ముర్ము. ఆదివాసీ స్త్రీ ఆ పీఠం ఎక్కడం మనకు సంతోషమే. అయినా కొలత మారకూడదు. 2024 జనవరి 25న ముర్ము మహిళా రిజర్వేషన్ చట్టాన్ని విప్లవాత్మక సాధనమని మెచ్చుకున్నారు. 1996లో మొదటిసారి పార్లమెంటు ముందుకొచ్చిన బిల్లు 2023లో చట్టమైనప్పుడు, జనగణన, ఆపైన నియోజకవర్గాల పునర్విభజన జరిగాకే అమలని అందులోనే రాసుంది. ఇరవై ఏడేళ్ళు ఆగినవాళ్ళను ఇంకా ఆగమన్న చట్టాన్ని పొగిడేటప్పుడు ఆ ఎదురుచూపుకు బాధ్యులెవరో కూడా చెప్పాలి.

కాబట్టి వచ్చే జనవరి 25న మన సంఘాల్లో కూర్చుని ఆ ప్రసంగం విందాం. చప్పట్ల కోసం కాదు. బాధ పడేవాళ్ళ పేరుందా, బాధ పెట్టేవాళ్ళ పేరుందా, ఎవరు ఎప్పటిలోగా ఏం చేయాలో ఉందా అని రాసుకుందాం. లేనివన్నీ ఒక కాగితం మీద పెట్టి, మన సంతకాలతో, వేలిముద్రలతో రాష్ట్రపతి భవన్‌కు పంపుదాం. జాతినుద్దేశించి మాట్లాడినప్పుడు జాతి జవాబు చెప్పడం మర్యాదే కదా.