గృహయంత్ర విషయములు: పాత లారీకి క్రొత్త తొట్టి



ఈ నెల వచ్చిన జాబులలో నొకటి సముద్రముల కావలినుండి వచ్చినది. అమెరికాలో కాపురమున్న యొక తెలుగు సోదరి దానిని వ్రాసినది. ఆమె భర్తకు పాత బండ్లయందు మిక్కిలి మక్కువయట. పల్లెప్రాంతమున నొక కొట్టములో పడియున్న డాడ్జి పవర్ వ్యాగన్ అను లారీని కొని యింటికి దెచ్చినారు. అది 1950వ సంవత్సరమునాటిది. యంత్రము నడచుచున్నది, క్యాబిను నిలిచియున్నది. వెనుక సామాను వేయు తొట్టి మాత్రము తుప్పుపట్టి యెన్నడో ఊడిపోయినది. క్రొత్త తొట్టి కట్టింపవలెనని ఆయన సంకల్పము. సమీపమున నున్న పనివాడొకడు "ఇనుపరేకుతో పెట్టెచేసి, ఒక్క దినములో చట్రమునకు వెల్డింగు చేసి యిచ్చెదను" అని తక్కువ వెల చెప్పినాడట. ఇంటి పిల్లలిద్దరును ఆ తొట్టిలో ఎవరెక్కడ కూర్చుండవలెనో అప్పుడే పంచుకొనిరట. సోదరి యడిగిన ప్రశ్న యిది: "ఇందులో నేను చూడవలసిన దేమైన కలదా? లేక మగవారి పనియని ఊరకుండవలెనా?"

ఊరకుండవలదు. ఖర్చగునది ఇంటి సొమ్ము. ఆ బండిలో తిరుగునది ఇంటివారు. పైగా ఈ పనిలో ముఖ్యమైన సంగతులను తెలిసికొనుటకు కొలత టేపు, కాగితము, కొంచెము ఓపిక చాలును.

మొదట ఆ బండి సంగతి. రెండవ ప్రపంచ యుద్ధమున అమెరికా సైన్యమునకై డాడ్జి సంస్థ వారు ముప్పాతిక టన్ను బరువు మోయు లారీలను చేసిరి. యుద్ధము ముగిసిన పిదప, 1946లో, వాని పోలికనే చేసిన బండిని పవర్ వ్యాగన్ అను పేర రైతులకును పనివారికిని అమ్మజూపిరి. అమెరికాలో దీని విక్రయము 1968 వరకు సాగెను. నాలుగు చక్రములకును యంత్రబలము అందును గాన బురదలోను మంచులోను నడచును. వేగమున కుద్దేశింపబడినది కాదు, బరువున కుద్దేశింపబడినది.

ఇట్టి బండ్లకు తొట్టిని వేరుగా కట్టించుట క్రొత్త సంగతి కాదు. తొలినాళ్లలో పలువురు చట్రమును మాత్రము కొని, వడ్రంగిచేత తమ కవసరమైన పెట్టెను చేయించుకొనెడివారు. ఫోర్డు సంస్థవారు తమ 'టి' రకపు బండికి తామే తొట్టి బిగించి అమ్ముట 1925లో ప్రారంభించిరి; దాని వెల 281 డాలర్లు. మన దేశమునందును చట్రమును కొని తొట్టిని వేరుగా కట్టించు పద్ధతి నేటికిని కలదు. విజయవాడ ఆటోనగరు ఈ పనికి పేరుపడినది. కావున ఆ సోదరి భర్తగారి సంకల్పమున దోషము లేదు. దోషమున్నది "వెల్డింగు" అను మాటయందు.

లారీ చట్రమనగా రెండు పొడుగాటి ఇనుప దూలములు. వానిని అక్కడక్కడ కలుపు అడ్డకమ్ములు. ఈ చట్రము బండరాయివలె కదలక మెదలక యుండునని మనమనుకొందుము. అది నిజము కాదు. మన పెరటిలో నులకమంచము వేసి చూడుడు. నేల ఎగుడుదిగుడుగా నున్నను, మంచపు పట్టెలు ఒకింత మెలిపడి, నాలుగు కోళ్లును నేలను తాకును. రాతిబల్ల నట్లే వేసినచో ఒక మూల లేచియుండి కటకటలాడును. పాత లారీ చట్రము నులకమంచము వంటిది. ఒక చక్రము గోతిలో దిగినప్పుడు అది మెలిపడి, తక్కిన చక్రములను నేలపై నిలుపును. అట్లు మెలిపడుటకే దాని నట్లు చేసినారు.

అట్టి చట్రముపై గట్టి ఇనుపపెట్టెను పెట్టి కదలకుండ వెల్డింగు చేసినచో నేమగును? పెట్టె మెలిపడనీయదు, దారి మెలిపడుమనును. ఆ రెంటి నడుమ పడిన బలమంతయు పెట్టె ముందుకొన ముగియుచోట, అనగా క్యాబిను వెనుకనే, చట్రముపై పడును. రేకుముక్కను ఒకేచోట పలుమారులు వంచినచో విరుగునుగదా. అట్లే అచ్చట చట్రము పగులును. వెల్డింగు వేడిమివలన అతుకు ప్రక్కనున్న ఇనుము గుణము మారుట మరియొక కీడు. ఈ పగులు మొదటిదినమున కనబడదు. నెలలు గడచిన పిదప, బరువుతో పోవుచున్నప్పుడు కనబడును.

కావున చేయవలసిన దేమన: దూలముల పొడుగునను, వానికిని తొట్టికిని నడుమ, గట్టికఱ్ఱ పట్టెలను పరచవలెను. ఓకు కఱ్ఱ యిందులకు మంచిది. ఇనుము ఇనుమును రాయకుండ ఆ కఱ్ఱ కాపాడును, కొంచెము ఒదుగును గూడ. తొట్టిని బోల్టులతో బిగింపవలెను. వెనుకవైపు బోల్టులు గట్టిగను, ముందువైపు బోల్టులు స్ప్రింగులతోను ఉండిన యెడల, చట్రము మెలిపడినప్పుడు తొట్టి ముందుభాగము ఒకింత లేచి మరల కూర్చుండును. చట్రమునకు వెనుకటినుండియున్న రంధ్రములనే వాడుకొనుట ఉత్తమము. క్రొత్త రంధ్రము తప్పనిసరియైనచో, దూలపు నిలువుముఖము నడుమ వేయవలెను గాని, పై అంచునను క్రింది అంచునను వేయరాదు. వెదురుబద్దను వంచినప్పుడు సాగునదియు నొత్తుకొనునదియు పైపొర, క్రిందిపొర. నడిమిభాగమునకు శ్రమ తక్కువ. దూలమునకును అంతే.

ఇక తొట్టి ఎక్కడ నిలువవలెను? ఇది కావడి లెక్క. పవర్ వ్యాగన్‌కు ముందు ఇరుసుకును వెనుక ఇరుసుకును నడుమ దూరము 126 అంగుళములు. తొట్టిలో 1000 పౌనుల బరువు వేసితిమనుకొందము. ఆ బరువు నడిమిచోటు వెనుక ఇరుసుకు 12 అంగుళములు ముందుకున్నచో, సుమారు 95 పౌనులు ముందుచక్రములపై పడును, తక్కినది వెనుకచక్రములు మోయును. అదే బరువు ఇరుసుకు 30 అంగుళములు వెనుకకు జరిగినచో, ముందుచక్రములపై క్రొత్తగా బరువు పడకపోగా, ఉన్న బరువులోనే సుమారు 238 పౌనులు తేలిపోవును. కావడిలో ఒకవైపు క్రుంగిన రెండవవైపు లేచినట్లు, బండి మూతి తేలిపోవును. చుక్కాని పట్టు సడలును. కాబట్టి "తొట్టి ఎంత పొడుగు?" అను ప్రశ్నకంటె "తొట్టి నడిమిచోటు ఇరుసుకు ముందా, వెనుకా?" అను ప్రశ్న ముఖ్యము. చూచుటకు అందముగ నుండునని వెనుకకు సాగదీసిన తొట్టి అపాయకరము.

తొట్టికిని క్యాబినుకును నడుమ రెండంగుళములైనను సందు ఉండవలెను. అవి రెండును వేరువేరుగ కదలును గాన, సందు లేనిచో ఒకదానినొకటి రాయును. చక్రముపై కమాను చేయుటకు ముందు, ఆ చక్రము క్రింద జాకీ పెట్టి, ఇరుసు పైనున్న రబ్బరు దిమ్మకు తగులువరకు ఎత్తి చూడవలెను. అప్పుడును టైరుకు చోటు మిగులవలెను. మంచుకాలమున గొలుసులు చుట్టుదురు గనుక మరికొంత విడువవలెను. నేలపై ఊరక నిలిచిన బండిని చూచి కొలిచిన కొలత మోసకరము.

పెట్టె నలుచదరముగ వచ్చినదో లేదో తెలియుటకు మూలనుండి మూలకు కొలువుడు. తొట్టి నేల 96 అంగుళముల పొడుగు, 54 అంగుళముల వెడల్పు అయినచో, రెండు కర్ణములును సుమారు 110 అంగుళములు రావలెను. అంతకన్న ముఖ్యము, రెండును సమానముగ రావలెను. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వచ్చినచో పెట్టె వంకర. వెనుక తలుపు మూయునప్పుడు ఆ వంకర బయటపడును. దుప్పటికి అంచు కుట్టుటకు ముందు మూలలు కలిపి చూచుకొను మనకిది నేర్పవలసిన విద్య కాదు.

తొట్టి బరువు గూడ బరువే. 36 చదరపు అడుగుల నేలకు పావు అంగుళపు ఇనుపరేకు పరచిన సుమారు 367 పౌనులు తూగును. అందు సగము మందపు రేకు సుమారు 184 పౌనులు. అంగుళము మందపు ఓకుపలకలు సుమారు 130 పౌనులు. బండి మోయగల మొత్తమునుండి ఇది తీసివేయబడును. రేకు ఎంత మందమైన తొట్టి అంత మంచిదనుకొనుట పొరపాటు. పలకల నేల పరచినచో నాలుగు ప్రక్కలను నూనెగాని వార్నీషుగాని పూయవలెను. వానకు కఱ్ఱ ఉబ్బును గాన పలకల నడుమ సందు విడిచి, ఆ సందుపై ఇనుపపట్టీ వేసి బిగింపవలెను.

రంధ్రము వేయుటకు ముందు పెట్రోలు తొట్టి, బ్రేకు గొట్టములు, దీపముల తీగలు ఎక్కడ పోవుచున్నవో క్రిందికి దూరి చూడవలెను. బ్యాటరీ తీగను విప్పవలెను. ఇది మఱచి ప్రాణములమీదికి తెచ్చుకొనవలదు.

తుదకు పిల్లల మాట. సోదరీ, తొట్టి యెంత చక్కగ అమరినను అది సామానునకే గాని మనుష్యులకు కాదు. బండి ఆగినప్పుడు లోనివారిని పట్టియుంచు పట్టీ అందు లేదు. ప్రక్కపలక పిల్లవాని నడుమువరకైనను రాదు. అమెరికాలో కొన్ని రాష్ట్రముల చట్టము తొట్టిలో మనుష్యుల నెక్కించుటను నిషేధించినది. కొన్నిటియందు వయస్సునుబట్టి నిబంధనలు గలవు. చట్టమేమన్నను తల్లి మాట ఒక్కటిగనే యుండవలెను. మన పల్లెలలో కూలికిపోవు స్త్రీలను సామాను బండ్లలో నిలువబెట్టి తీసికొనిపోవుట మన మెఱుగుదుము. ఆ బండి బోర్లపడిననాటి యేడ్పులు నెఱుగుదుము. దూరదేశమున వేడుకకు కొన్న బండిలో ఆ కష్టమును మనమై తెచ్చుకొననేల? పిల్లలకు వేఱొక పని యిండు: టేపు రెండవకొన పట్టుకొననిండు, కర్ణముల కొలతలు వ్రాయనిండు. తొట్టిలో కూర్చుండు ముచ్చట బండి ఇంటిముందు కదలక నిలిచియున్నప్పుడు తీర్చుకొందురు.

భర్తగారితో వాదమునకు పోవలదు. "ఆ పనివానిని మూడు ప్రశ్నలడిగి రండి" అని నెమ్మదిగ చెప్పుడు: చట్రము మెలిపడుటకు చోటెక్కడ విడిచెదవు? బరువు నడిమిచోటు ఇరుసుకు ఎటువైపున పడును? తొట్టి ఎన్ని పౌనులు తూగును? ఈ మూడింటికి జవాబు చెప్పగలవానికి పదిదినములు పట్టినను, నాలుగు డాలర్లు ఎక్కువైనను పని యిండు. చెప్పలేనివాడు ఒక్క దినములో చేసి యిచ్చెదనన్నను వలదు. ఏడు పదుల యేండ్లు దాటి బ్రదికిన బండి మరి పదిదినములు ఆగజాలదా?