కనిపించని కత్తికే పదునెక్కువ

భయపెట్టడానికైనా, ఈల వేయించడానికైనా కావాల్సింది ప్రమాదం కాదు, ప్రమాదం ఉందన్న నమ్మకం

'షోలే' (1975) చూసినవారిని ఠాకూర్ మనవడు ఎలా చనిపోయాడని అడగండి. గబ్బర్‌సింగ్ తూటాకు పసివాడు కుప్పకూలడం కళ్లారా చూసినట్టే చెబుతారు. నిజానికి తెరమీద ఆ దృశ్యమే లేదు. కుర్రాడి ముఖం, గురిపెట్టిన గబ్బర్... దర్శకుడు రమేష్ సిప్పీ అక్కడితో కత్తిరించారు. మిగతాది ప్రేక్షకుడే ఊహించుకున్నాడు. తాను ఊహించుకున్నది కాబట్టే మరిచిపోలేకపోయాడు.

భయానక చిత్రాల మర్మమంతా ఇక్కడే ఉంది. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 'సైకో' (1960)లో స్నానాల గది హత్య తెరమీద ముప్పావు నిమిషానికి మించదు. దాన్ని తీయడానికి వారం రోజులు పట్టింది. తెలుపు నలుపుల్లో తీశారు కాబట్టి నెత్తురు బదులు చాక్లెట్ పాకం సరిపోయింది. కత్తి దిగే చప్పుడు కోసం కర్బూజా పండును పొడిచారు. ఆ దృశ్యానికి సంగీతం వద్దనుకున్న హిచ్‌కాక్, బెర్నార్డ్ హెర్మన్ సమకూర్చిన వయొలిన్ల కీచు ధ్వని విన్నాక మనసు మార్చుకున్నారు. థియేటర్లో జనం కెవ్వుమన్నది ఒక పండుకు, కొన్ని తీగలకు, చకచకా మారిన ముక్కలకు.

స్టీవెన్ స్పీల్‌బర్గ్‌కు ఇదే పాఠం విధి నేర్పింది. 'జాస్' (1975) కోసం చేయించిన యంత్రపు సొరచేప సముద్రపు నీటిలో పదేపదే మొరాయించింది. చేప లేకుండానే చేప ఉందనిపించక తప్పలేదు. నీటిమీద కదిలే పీపాలు, జాన్ విలియమ్స్ సంగీతంలో దగ్గరపడే రెండు స్వరాలు ఆ పని చేశాయి. సినిమా మొదలైన గంట దాటాక గానీ సొరచేప సరిగా కనబడదు. ఈలోగా ఎంతోమంది సముద్ర స్నానానికి దణ్ణం పెట్టేశారు.

మన దగ్గర రామ్సే సోదరులు 'పురానా మందిర్' (1984) లాంటి చిత్రాల్లో పాడుబడ్డ హవేలీని, వికృతమైన ముఖాన్ని నమ్ముకున్నారు. ఆ దయ్యం ఎప్పుడొస్తుందో, ఎక్కడుంటుందో అందరికీ తెలుసు. రాంగోపాల్‌వర్మ 'భూత్' (2003)లో దాన్ని ముంబాయి అపార్ట్‌మెంట్‌లోకి తెచ్చారు. పాటలు తీసేశారు. హవేలీ భయం హాలు గుమ్మం దాటగానే పోతుంది. ఫ్లాట్‌లో పుట్టిన భయం మాత్రం ప్రేక్షకుడితోపాటు ఇంటిదాకా వచ్చి, లిఫ్ట్ ఎక్కుతుంది.

అయితే డబ్బిచ్చి మరీ భయాన్ని కొనుక్కోవడం ఎందుకు? భరతుడి నాట్యశాస్త్రం భయాన్ని స్థాయీభావమంది. రంగస్థలం మీద పండితే అదే భయానక రసం. మొదటిది మనిషిని పరుగెత్తిస్తుంది, రెండోది కుర్చీలో కూర్చోబెడుతుంది. గుండె వేగం పెరుగుతుంది, అరచేతులు చెమర్చుతాయి. కానీ ఏమీ కాదని మనసుకు తెలుసు. అందుకే హాల్లో కేక వెనకాలే నవ్వు వినిపిస్తుంది. టిక్కెట్టుతోపాటు ప్రేక్షకుడు ఒక రాయని ఒప్పందం కుదుర్చుకుంటాడు: తనకే కాదు, తెరమీది వాళ్లకూ నిజంగా ఏమీ కాకూడదు.

యాక్షన్ చిత్రం పైకి దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ దెబ్బ కనబడాలి, వినబడాలి. అయినా లెక్క ఒకటే. వర్మ తొలి చిత్రం 'శివ' (1989)లో నాగార్జున సైకిల్ చైన్ లాగే దృశ్యంలో జనాన్ని ఊపేసింది తర్వాత పడిన దెబ్బలు కాదు. అప్పటిదాకా నెమ్మదిగా ఉన్న కుర్రాడు ఏం చేయబోతున్నాడో తెలియని ఆ కొద్ది క్షణాలు. ఒక్క గుద్దుకు ఇరవై మంది గాల్లోకి లేచే పోరాటాలు విసుగెత్తించడానికి కారణం కూడా ఇదే. హీరో ఓడిపోతాడన్న అనుమానమే లేనప్పుడు ఎదురుచూడటానికి ఏముంటుంది?

ఆ అనుమానాన్ని కథతో పుట్టించలేనివారికి దగ్గరి దారి ఒకటుంది: నిజంగానే దూకించడం. దీనికి గిరాకీ లేదనలేం. జాకీ చాన్ తన సినిమాల చివర గురితప్పిన ఫీట్లను, తగిలిన గాయాలను చూపిస్తుంటే జనం చప్పట్లు కొట్టారు. కానీ ఆ దారి చివర శవాలున్నాయి. 1980 నవంబరులో మద్రాసు సమీపంలోని షోలవరంలో 'కోళిలక్కం' పతాక సన్నివేశం తీస్తుండగా హెలికాప్టర్ ప్రమాదంలో మలయాళ నటుడు జయన్ మరణించారు. 2016 నవంబరులో బెంగళూరు సమీపంలోని తిప్పగొండనహళ్లి జలాశయంలో 'మాస్తిగుడి' కోసం హెలికాప్టర్ నుంచి దూకిన ఇద్దరు కన్నడ నటులు మునిగిపోయారు. 2025 జులైలో తమిళనాడులో ఒక చిత్రం కోసం కారును పల్టీ కొట్టిస్తూ అనుభవజ్ఞుడైన స్టంట్ కళాకారుడు ప్రాణాలు కోల్పోయారు.

ఈ మరణాలు ఎవరి వినోదానికీ అక్కరకు రాలేదు. తెరమీద పడుతున్న మనిషి కింద వల ఉందో లేదో ప్రేక్షకుడికి తెలియదు. నడుముకు కట్టిన తీగను కంప్యూటర్ చెరిపేస్తుంది. కోణం, కూర్పు, శబ్దం కలిస్తే నాలుగడుగుల గెంతు నాలుగంతస్తుల దూకుడులా కనిపిస్తుంది. కర్బూజా పండుతో ప్రపంచాన్ని వణికించిన కళకు మనిషి ప్రాణం అవసరమేముంది?

పరిశ్రమ పెద్దలకు ఇది ఆలస్యంగా అర్థమవుతున్నట్టుంది. 2016 చిత్రాలకిచ్చిన జాతీయ అవార్డుల్లో 'పులిమురుగన్'కు పీటర్ హెయిన్స్ స్టంట్ రూపకల్పన విభాగంలో పురస్కారం అందుకున్నారు. 2028 ఉత్సవం నుంచి ఆస్కార్‌లోనూ ఇలాంటి అవార్డు ఉంటుందని అకాడెమీ 2025లో ప్రకటించింది. ఈ రెండూ సాహసానికి కాదు, రూపకల్పనకు ఇచ్చేవి. అంటే ఎంత ఎత్తు నుంచి పడ్డారన్నది కాదు, పడినట్టు ఎంత బాగా నమ్మించారన్నది లెక్క.

ఫైట్ మాస్టర్ ప్రతిభకు అసలు కొలబద్ద షూటింగ్ ముగిశాక కనబడుతుంది. హాల్లో అందరి ఊపిరీ బిగబట్టించిన మనిషి సాయంత్రం నడుచుకుంటూ ఇంటికి వెళ్లాలి.