ఫోనుకు వేసే జిల్దు

పుస్తకానికి అట్ట వేయడము మన ఇండ్లలో చదువుతోపాటు వచ్చిన ఆచారము. బడి తెరచిన వారములోనే పాత ఉర్దూ, తెలుగు పత్రికల కాగితాలు పాఠ్యపుస్తకాలకు జిల్దులయ్యేవి. ఖురాను షరీఫుకు గుడ్డతో కుట్టిన జుజ్‌దాను ఉండనే ఉన్నది. జిల్దు చినిగినదని ఎవరూ విచారించలేదు. అది చినుగుటకే వేసినది, మరొకటి వేసేవారు. నేటి విద్యార్థి ఉపకారవేతనపు దరఖాస్తు, హాల్‌టికెట్టు, పరీక్షా ఫలితము అన్నీ స్మార్ట్‌ఫోను తెరమీదనే చూచుకొంటున్నాడు. ఆ తెరమీద వేయించే పారదర్శకమైన పొరను గురించి మాత్రము మనము ఇంత స్పష్టంగా ఆలోచించుట లేదు.

దుకాణములో మొదట వినిపించేది ‘9హెచ్’ అనే మాట. ఇది వజ్రానికి ఒక మెట్టు క్రింది కాఠిన్యమని చాలామంది నమ్మిక. 1812లో ఫ్రెడ్‌రిక్ మోస్ అనే ఖనిజ శాస్త్రజ్ఞుడు ఏర్పరచిన క్రమములో వజ్రానికి 10, కురువిందానికి 9 అన్నది నిజమే. కాని ఈ తొమ్మిది ఆ తొమ్మిది కాదు. ఇది బొమ్మలు గీసే పెన్సిళ్ళమీద ఉండే గుర్తు. 9హెచ్ పెన్సిలుతో గీసినా గీత పడలేదని మాత్రమే దాని అర్థము. మోస్ క్రమములో గాజు కాఠిన్యము సుమారు 5.5 నుండి 6 వరకు. ఇసుకలోని స్ఫటికానిది 7. కనుక జేబులోని ఇత్తడి తాళపుచెవి గాజును గీయలేదు గాని, కందకుర్తి సంగమానికి వెళ్ళి వచ్చినవాని జేబులో మిగిలిన నాలుగు గోదావరి ఇసుక రేణువులు గీయగలవు. తెరనైనా సరే, పైపొరనైనా సరే.

గాజు పొరను తీసిపారవేయదగిన వస్తువని మేము అనుట లేదు. మేలురకపు గాజును సుమారు 400 డిగ్రీల వేడిమిలో కరిగిన పెట్లుప్పులో, అనగా పొటాషియం నైట్రేటులో, ముంచి ఉంచుతారు. గాజులోని సోడియం అయానులు వెలికిపోయి, వాటికంటె పెద్దవైన పొటాషియం అయానులు ఆ ఇరుకు స్థానాలలో ఇమిడిపోతాయి. ఆ ఒత్తిడివల్ల గాజు ఉపరితలము బిగిసి, చీలిక సులభంగా పుట్టదు.

ఈ రెండు విధాల పొరలనూ పోల్చి చూడవలెనని మేము ఒకే రకపు ఫోన్లు రెండింటిని తీసుకొని, ఒకదానికి గాజు పొర, రెండవదానికి మెత్తని పాలీయురేథేన్ పొర వేయించి, వరికోతల కాలమంతా రెంజల్‌లో వాడి చూచాము. గాజు వేసిన ఫోను రెండుమార్లు నేల పడినది. పొర మూల పగిలినది, లోపలి తెర చెక్కుచెదరలేదు. పొర లేకున్నా తెర నిలిచేదేమో! ఉత్త తెరను నేలకు విడిచి చూచే సాహసము మాకు లేదు. మెత్తని పొరమీద సన్నని గీతలు పడి, కొన్ని వాటంతట అవే పూడిపోయినవి, లోతైనవి నిలిచిపోయినవి. అంచుల వెంట కోత దుమ్ము చేరి, పొర కాస్త లేచినది. ఇంతవరకు రెండింటికీ చెరిసగము మార్కులు.

వ్యత్యాసము కనిపించినది చేతులు మారినప్పుడు. నిజామాబాదు, బోధను ప్రాంతాలలో బీడీలు చుట్టి పిల్లలను చదివించే తల్లులు ఎందరో ఉన్నారు. ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారము కట్టి వారి వ్రేళ్ళకొనలు అరిగి పొడిబారుతాయి. అటువంటి చేతికి ఫోను ఇచ్చి చూచాము. మెత్తని పొరమీద ఒక్కమారు తాకగా తెరచుకొన్న అంకె, గాజుమీద రెండుమూడుమార్లు నొక్కితే గాని కదలలేదు. తెర మన వ్రేలిని గుర్తించేది బలముచేత కాదు, వ్రేలు దగ్గరైనప్పుడు కలిగే స్వల్పమైన విద్యుత్ మార్పుచేత. నడుమ పొర దళసరి అయినకొద్దీ, చర్మము ఎండినకొద్దీ ఆ మార్పు సన్నగిల్లుతుంది. లోపము ఆ తల్లిది కాదు. “అమ్మీకి ఫోను వాడడము రాదు” అని నవ్వే కుమారులు ఈ సంగతి తెలిసికొనుట మంచిది.

తెర అడుగున వ్రేలిముద్ర చూచే ఫోన్లలో చిక్కు ఇంకా పెద్దది. 2019 అక్టోబరులో సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్10 ఫోన్లమీద కొన్ని సిలికాన్ కవర్లు తొడిగినప్పుడు, ఎవరి వ్రేలు పెట్టినా తాళము తెరచుకొంటున్నదని బయటపడినది. కవరుమీది నమూనానే యంత్రము వ్రేలిముద్రగా పొరబడినది. కవర్లు తీసివేయుడని సంస్థ చెప్పి, తరువాత సాఫ్ట్‌వేరును సవరించినది. కాపాడుటకు తొడిగినదే దొంగకు తలుపు తీసిన ఉదంతమిది.

కావున పొరను ఫోనుకు కాదు, దానిని పట్టే చేతికి తగినట్లు ఎంచుకోవలెనని మా అభిప్రాయము. ఒంటరిగా ఒక విద్యార్థి వాడుకొనే ఫోను, మాటిమాటికీ జారిపడేదైతే, గాజు పొర వేయించుకొనుట సబబే. పగిలిన మరునాడే మార్చవలెను. పెచ్చు లేచిన అంచు బొటనవ్రేలిని కోస్తున్నా నెలల తరబడి అట్టే ఉంచుకొనేవారిని మన తరగతి గదులలోనే చూస్తున్నాము. బ్యాంకు సందేశము మొదలు ఆసుపత్రి చీటీవరకు ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను అయినచోట పలుచని మెత్తని పొరే మేలు. గాజే కావలెనన్నవారు ఆ తల్లినీ దుకాణానికి తోడ్కొనిపోయి, జిగురు అంటించకముందే పొరను తెరమీద పరచి, ఆమె వ్రేలితో నాలుగు అంకెలు నొక్కించి చూడవలెను. కొన్ని ఫోన్లలో స్పర్శను మరింత సున్నితము చేసే ఏర్పాటు సెట్టింగులలోనే ఉంటుంది. దానిని తెరచి చూపుటకు దుకాణదారుకు అర నిమిషము పట్టదు.