పూత చూసి కాపు లెక్క కట్టరాదు

కొత్తపేట పండ్ల మార్కెట్టు బాటసింగారానికి తరలిపోకముందు, మామిడి గుత్తల సంగతి చైతన్యపురి వర్తకులకు కొట్టినపిండి. పూత మీద తోటను గుత్తకు తీసుకున్నవాడికి మంచు, పురుగు, గాలివాన దాటి కాయ మార్కెట్టుకు చేరేదాకా కంటిమీద కునుకు ఉండదు. సహజవాయువు నిల్వల వార్త వెలువడితే మాత్రం మన మదుపుదారులు ఆ జాగ్రత్తను మరచిపోతున్నారు.

కృష్ణా-గోదావరి బేసిన్‌లో నదులు తెచ్చిన ఇసుక లక్షల సంవత్సరాల క్రితం సముద్రగర్భంలో పాయలుగా పారి, బురద కింద పూడిపోయింది. ఆ ఇసుక సందుల్లో గ్యాసు చేరింది. నౌక నుంచి ధ్వని తరంగాలను పంపి, పొరలకు తగిలి వచ్చే ప్రతిధ్వనిని నమోదు చేసే సీస్మిక్ సర్వేలో పాత పాయలు మెలికలతో సహా కనిపిస్తాయి. గ్యాసు ఉన్నచోట ప్రతిధ్వని బలంగా వస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఇసుకలో గ్యాసు నిండుగా ఉన్నా, కొద్దిపాటిగా ఉన్నా ప్రతిధ్వని దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. పలుచని పొరలు విడివిడిగా తేలవు. పాయలో ఒక భాగానికీ మరో భాగానికీ నడుమ బురద అడ్డు ఉన్నదీ లేనిదీ బావి తవ్వి, గ్యాసు తీసి, ఒత్తిడి ఎంత తగ్గిందో చూస్తేగాని తేలదు.

కాకినాడ తీరానికి ఆవల డి6 బ్లాకులో రిలయన్స్ 2002లో కనుగొన్న ధీరూభాయ్ 1, 3 క్షేత్రాలే ఇందుకు నిదర్శనం. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తుందన్నారు. అది ఎన్నడూ రాలేదు. వెలికితీయదగిన నిల్వల అంచనా 10 లక్షల కోట్ల ఘనపుటడుగుల నుంచి 2012లో సుమారు 3 లక్షల కోట్లకు దిగింది. 2013లో విద్యుత్కేంద్రాలకు డి6 గ్యాసు ఆగిపోయింది. దానిని నమ్ముకుని ఆంధ్రలో అప్పులతో కట్టిన కేంద్రాలు పడకేశాయి. 2020 ఫిబ్రవరిలో ఆ క్షేత్రాలే మూతపడ్డాయి. తవ్వవలసిన బావులు తవ్వలేదని ప్రభుత్వం, భూగర్భమే అంచనా తప్పిందని కంపెనీ వాదించాయి. తప్పు ఎవరిదైనా నష్టం మాత్రం గ్యాసును నమ్ముకున్నవారిదే.

అంతమాత్రాన సీస్మిక్ శాస్త్రం వ్యర్థం కాదు. అదే బ్లాకులో 2020 డిసెంబరు నుంచి కొత్త క్షేత్రాలు గ్యాసునిచ్చాయి. ఎక్కడ తవ్వాలో ఆ సర్వేయే చెప్పాలి. ఎంత వస్తుందో బావి చెప్పాలి. ఒకదాని మాటను రెండవదాని నోట పెట్టడమే పొరపాటు.

కనుక నిల్వలు ప్రకటించేటప్పుడు సీస్మిక్ అంచనా ఎంతో, బావులలో పరీక్షించి తేల్చినది ఎంతో వేరువేరుగా చూపడం తప్పనిసరి చేయాలి. గ్యాసు కేటాయింపులు, బ్యాంకు రుణాలు రెండవ అంకె మీదనే నడవాలి. ప్రభుత్వ పరిశీలన కూడా అవసరం. ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి స్వతంత్ర నిపుణుల చేత ముందుగానే అంచనాలు సరిచూపించడం మంచిది.

పటం చూసి తోటను మెచ్చుకోవచ్చు. బయానా మాత్రం కాయను చూసే ఇవ్వాలి.